బంతి లేనప్పుడు చూడాలి

ఉదయం ఆరుంబావు. సంక్రాంతి వెళ్లినా సికింద్రాబాద్‌ని చలి ఇంకా వదల్లేదు. తిరుమలగిరి నుంచి బొల్లారం వైపు పోయే దారిలో, కంటోన్మెంటు చెట్ల వెనక ఒక మైదానం. పచ్చిక అంచుల్లోనే మిగిలింది. గోల్‌పోస్టుల ముందు, నడిమధ్యలో మొరం తేలి ఎర్రగా కనిపిస్తోంది. ఒక ప్రభుత్వ శాఖ ఫుట్‌బాల్ జట్టులోకి ఈ ఏడాది కొత్త కుర్రాళ్లని తీసుకుంటున్నారు. ఉన్న ఖాళీలు మూడు. వచ్చినవాళ్లు నలభై మందికి పైనే.

మనం గోల్‌పోస్టు వెనక నిలబడదాం. సైడ్‌లైన్ మీద నిలబడితే కళ్లు బంతి వెంటే పరిగెడతాయి. గోల్ వెనక నుంచి చూస్తే ఎవరు ఎవరికి ఎంత ఎడంగా ఉన్నారో, ఖాళీ ఎక్కడుందో, ఆ ఖాళీని ఎవడు పసిగట్టాడో తెలుస్తుంది. ఈ చోటు చూపించింది పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మఫ్లర్ చుట్టుకుని కూర్చున్న పెద్దాయన. ఒకప్పుడు ఇక్కడి లీగ్‌లో స్టాపర్‌గా ఆడారు. ఇప్పుడు సాయంత్రాలు బస్తీ పిల్లలకి ఆట నేర్పుతున్నారు. ఇవాళ ఆయన శిష్యుడొకడు ట్రయల్స్‌కి వచ్చాడు. ఎవడో మాత్రం చెప్పరు.

"చెప్తే నువ్వు వాణ్నే చూస్తవ్. అందర్నీ చూడు," అంటారు.

కుర్రాళ్ల భుజాన బూట్ల సంచి, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో టెన్త్ మెమో, కులం సర్టిఫికెట్, జిల్లాకీ రాష్ట్రానికీ యూనివర్సిటీకీ ఆడినట్టు కాగితాలు. కొందరి ఫోల్డరు ఉబ్బి బటన్ పడటం లేదు. కొందరిది రెండు మూడు కాగితాలతో గాలికి ఎగిరిపోయేలా ఉంది. రైల్వే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ చదివినవాళ్లకి ఈ ఫోల్డరు విలువేమిటో తెలుసు. అక్కడ మొత్తం 100 మార్కులు. ఇప్పటిదాకా ఆటలో సాధించినవాటికి 50, చదువుకి 10. మైదానంలో చూపించే నైపుణ్యం, ఒంటి సత్తువ, కోచ్ పరిశీలన అన్నీ కలిపి 40. బంతి ముట్టుకోకముందే 60 మార్కుల లెక్క కాగితాల మీద తేలిపోతుందన్నమాట. కాకపోతే ఒక గడప పెట్టారు. ఆ 40లో 25 రానివాడు ఎన్ని సర్టిఫికెట్లు తెచ్చినా ముందుకు పోలేడు.

ఈ పద్ధతిని తిట్టడం తేలికే. కానీ ఉద్యోగం సర్కారుది. రేపు ఎంపిక కానివాడు కోర్టుకెక్కితే, 'ఫలానావాడిలో నాకు ఆట కనిపించింది' అన్న సెలెక్టరు మాట అక్కడ నిలవదు, కాగితం నిలుస్తుంది. చిక్కల్లా కాగితం నిన్నటి సంగతి చెబుతుంది. జట్టుకి కావలసింది రేపటి సంగతి.

విజిల్ పడింది. నంబర్లు రాసిన బిబ్స్ పంచారు. ముప్ఫై మీటర్ల పరుగు మొదలైంది. ఇద్దరిద్దరుగా వదులుతున్నారు, ఒక ఉద్యోగి స్టాప్‌వాచ్ చూసి అంకె అరుస్తుంటే ఇంకొకరు రాసుకుంటున్నారు. 14వ నంబరు కుర్రాడు పరిగెత్తినప్పుడు గట్టు మీద కూర్చున్నవాళ్ల నుంచి ఈలలు. పక్కవాడు ఇంకా వెనక ఉండగానే వాడు గీత దాటేశాడు. నిండుగా ఎదిగిన భుజాలు, పిక్కల్లో బిగువు, కొత్త బూట్లు. సెలెక్టర్లు ముగ్గురూ తలలు వంచి ఏదో రాసుకున్నారు.

పెద్దాయన ఆ పరుగు చూడనే లేదు. ఆయన చూపు, తమ వంతు కోసం వరసలో నిలబడ్డవాళ్ల మీద ఉంది. అక్కడ కొందరు ఫోన్ మాట్లాడుతున్నారు. కొందరు చలికి చేతులు చంకల్లో పెట్టుకున్నారు. సన్నగా, పొట్టిగా ఉన్న ఒక కుర్రాడు మాత్రం ఎక్కణ్నుంచో బంతి సంపాదించి, గోడకేసి ఎడమ కాలితో తంతున్నాడు. తిరిగొచ్చిన బంతిని ఎడమ కాలితోనే ఆపుతున్నాడు. వాడి బిబ్ మీద 31.

"వాడు కుడి కాలోడు," అన్నారు పెద్దాయన.

"ఎలా తెలిసింది సార్?"

"నడకల తెలుస్తది. కుడి కాలోడు ఖాళీగున్నప్పుడు ఎడమతో కొడుతున్నడంటే, వానికి తన కొరత ఏందో తెలుసన్నట్టు."

ఈ మాట ఆయన సొంతం అనిపించవచ్చు గానీ, దీని వేరు ఈ జంటనగరాల్లోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడిపంతులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, 1963లో కన్నుమూసేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా ఆ జట్టు వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 'మైదాన్' సినిమా పుణ్యమా అని 2024 తర్వాత ఈ అంకెలు చాలామందికి తెలుసు.

సినిమాలో పెద్దగా పట్టని పని ఒకటుంది. రహీం కుర్రాళ్లకి వింత పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడి కాలి మొనగాడు అక్కడ ఎడమ కాలితో తడబడాల్సిందే. చూసేవాళ్లకి అది నవ్వులాటగా ఉండి ఉంటుంది. శిక్షణగా అవి ఆటగాళ్ల కొరత తీర్చాయి. మనిషిని అంచనా వేసే పరీక్షగా చూసినా అవి మామూలువి కావు. కుర్రాడి దగ్గరున్న నగలన్నీ ఒలిచేసి, మిగిలిందేమిటో చూడటం అది. మెరుపు డ్రిబ్లింగ్ తీసేస్తే వాడు ఆలోచించగలడా? మంచి కాలు తీసేస్తే సిగ్గుపడి మూలకి చేరతాడా, తడబడుతూనే బంతి అడుగుతాడా?

కోన్ల మధ్య వంకరటింకర పరుగు అయింది. ఇప్పుడు ఆట. రెండు జట్లు, ఇరవై నిమిషాలు, ఆపైన కొత్త జట్లు. 14 ఎరుపు జట్టులో కుడి వింగ్ మీద. 31 పసుపు జట్టులో మిడ్‌ఫీల్డ్. రెఫరీ బంతి వదిలాడు.

మొదటి ఐదు నిమిషాలూ కోలాటంలా ఉంది. ప్రతివాడూ తన కాలికి బంతి అందితే ఇక వదలడు. వాళ్లని తప్పుపట్టడానికి లేదు. ఇరవై నిమిషాల్లో ఉద్యోగం తేలాలంటే పాస్ ఇవ్వడం నష్టమే. పాస్ ఇచ్చిన మంచివాడిని ఎవరూ రాసుకోరు, గోల్ కొట్టినవాడిని రాసుకుంటారు. ఇలాంటి ట్రయల్స్‌లో ఉన్న పెద్ద లోటు ఇదే. జట్టు ఆటగాడిని వెతుకుతూ, జట్టుగా ఆడనివాడికి లాభం చేకూర్చే ఏర్పాటు.

ఏడో నిమిషం. పసుపు గోల్‌కీపర్ బంతిని నేలబారుగా 31కి వదిలాడు. ఇప్పుడు బంతిని వదిలేసి, వాడి తల చూడండి. బంతి దొర్లుతూ వస్తుండగా తల ఎడమకి తిరిగింది, మళ్లీ కుడికి తిరిగింది. వెనక నుంచి ఎరుపు బిబ్ ఒకడు మీదికొస్తున్నాడు. 31 బంతిని ఆపలేదు. కాళ్ల ముందు నుంచి పోనిచ్చి, ఒళ్లు తిప్పి, అవతలి వైపు ఎడమ పాదంతో ఒక్కసారే తాకాడు. వెనకొచ్చినవాడు జారి మొరంలో పడ్డాడు. పాస్ ఎడమ వింగర్ పరుగుకి రెండడుగుల ముందు పడింది. ఆ వింగర్ క్రాస్ చెడగొట్టాడు, బంతి బయటికి పోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సెలెక్టర్లలో ఒకరు పెన్ను కదిపారు, మిగతా ఇద్దరు త్రో-ఇన్ కోసం చూస్తున్నారు.

"చూసినవా?"

"చూశాను సార్."

"ఏం చూసినవ్?"

"బంతి రాకముందే రెండువైపులా చూశాడు."

పెద్దాయన మఫ్లర్ సర్దుకున్నారు. "ఆటల బంతి ఒకని దగ్గర ఎంతసేపు ఉంటది? లెక్కపెడితే రెండు నిమిషాలు. మిగతా ఎనభై ఎనిమిది నిమిషాలు వాడు ఏం చేస్తున్నడు? కొత్తోని కిమ్మతు అక్కడుంటది. బంతి లేనప్పుడు చూడాలె."

పదకొండో నిమిషం. 14కి బంతి దొరికింది. మైదానం సగం నుంచి గీత పట్టుకుని పరుగు. ఎదురొచ్చిన డిఫెండర్ మొదటి అడుగు వేసేలోగా దాటేశాడు. రెండోవాడిని భుజంతో తోసుకుంటూ పోయి, దగ్గరి పోస్టు పక్కనుంచి దూసినట్టు కొట్టాడు. వల అదిరింది. గట్టంతా లేచి నిలబడింది. మూడు పెన్నులూ కదిలాయి.

పద్నాలుగో నిమిషంలో అదే 14 బంతి పోగొట్టుకున్నాడు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. తన వైపు ఖాళీ అయిన దారిలోంచి పసుపు జట్టు దూసుకుపోతుంటే అక్కణ్నుంచే చూస్తున్నాడు. మరో రెండు నిమిషాలకి 31 కూడా బంతి పోగొట్టుకున్నాడు, అదీ చెత్త పాస్‌తో. కానీ ఇరవై గజాలు వెనక్కి పరిగెత్తి, తిరిగి లాక్కోలేకపోయినా, ఎదుటివాణ్ని గీత వైపు నెట్టి వేగం తగ్గించాడు.

ఇంతవరకూ చూస్తే తీర్పు సులువు. 31 మంచివాడు, 14 స్వార్థపరుడు, మన కథకి నీతి దొరికింది. పెద్దాయన ఈ తొందరకి కళ్లెం వేశారు.

"ఆ 14 గాని పరుగున్నదే, అది ఎవ్వడూ నేర్పలేడు. తల్లి కడుపులకెల్లి రావాలె. వెనక్కి ఉరకడం నేర్పొచ్చు. తిట్టి నేర్పొచ్చు, బెంచీ మీద కూసోబెట్టి నేర్పొచ్చు. 31 గాడు మంచిగ చూస్తడు, నిజమే. రేపు వాని మీదికి బరువున్నోళ్లు ఒచ్చినప్పుడు నిలుస్తడా? గది నువ్వియ్యాల చూసినవా?"

చూడలేదు. ఈ ఇరవై నిమిషాల్లో అది కనిపించే వీలే లేదు.

నేర్పగలిగేదేది, నేర్పలేనిదేది అన్న ఈ లెక్కలోనే కొత్త ఆటగాడి వెల ఉంది. దానికి ఈ మైదానం నుంచి తూర్పుగా కొద్ది దూరంలోనే ఒక సాక్ష్యం ఉంది. అమ్ముగూడ.

1950ల మొదట్లో అమ్ముగూడ మిలిటరీ బారకాసుల అంచున ఒక ఊరు. తమిళ మూలాలున్న పేద కుటుంబంలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం అక్కడే బంతి తన్నడం నేర్చాడు. బూట్లు కొనే స్తోమత లేదు. తల్లినడిగి తెచ్చుకున్న కాసిని డబ్బులతో, పోలీసులు వాడి పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి దగ్గర ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నానని బలరామే తర్వాత చెప్పుకున్నాడు. స్థానిక లీగ్‌లో ఆడుతున్న ఆ కుర్రాడు రహీం కంట పడ్డాడు. సంతోష్ ట్రోఫీ జట్టు ఎంపికకి రమ్మన్నారు. రోజూ అమ్ముగూడ నుంచి హైదరాబాద్ రావాలంటే పోను పదిహేను కిలోమీటర్లకు తక్కువ కాదు. రావడానికి డబ్బుల్లేవన్నాడు బలరాం. సైకిల్ అద్దెకి డబ్బు రహీం ఇచ్చారు.

ఆ రోజుల్లోకి ఒక్క నిమిషం వెళ్దాం. అద్దె సైకిల్ మీద, హ్యాండిల్‌కి బూట్లు తగిలించుకుని, తిరుమలగిరి మీదుగా పరేడ్ గ్రౌండ్స్ దాటి, ట్యాంక్‌బండ్ గాలికి ఎదురు తొక్కుకుంటూ వస్తున్న పందొమ్మిదేళ్ల కుర్రాడు. వాడి దగ్గర ఫోల్డరు లేదు. ఇవాళ్టి లెక్క ప్రకారం ఆ 50 మార్కుల గడిలో ఏమీ వేయడానికి లేదు. మైదానం చేరేసరికే కాళ్లలో సత్తువ సగం సైకిల్ తినేసి ఉంటుంది. స్టాప్‌వాచ్ పట్టుకున్నవాడికి ఆ సంగతి తెలియదు. రహీంకి తెలుసు, ఎందుకంటే ఆయన ముందే చూశారు, ఇంటి సంగతి అడిగారు.

తర్వాతి చరిత్ర తెలిసిందే. బలరాం ఉన్న హైదరాబాద్ జట్టు 1956-57 సంతోష్ ట్రోఫీ గెలిచింది, మరుసటి ఏడాదీ నిలబెట్టుకుంది. 1956లోనే అతను మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో ఉన్నాడు. 1957లో ఈస్ట్ బెంగాల్ తీసుకెళ్లింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా కలకత్తా లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ చేశాడు. 1962లో జకార్తా స్వర్ణం, అదే ఏడాది అర్జున. చుని గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం అని ముగ్గురి పేర్లూ ఒక్క ఊపిరిలో పలికిన కాలమది. 1963లో ఊపిరితిత్తుల జబ్బు 27 ఏళ్లు దాటకముందే ఆట మాన్పించింది. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశాడు.

ఆ సైకిల్ అద్దె లేకపోతే ఇదేదీ లేదు. కొత్తవాడి విలువని అంచనా వేయడం అంటే వాడి ఆట చూడటం ఒక్కటే కాదు. ఆ ఆట మైదానం దాకా రావడానికి ఏం అడ్డమో చూడటం కూడా. ఇవాళ ఈ గట్టు మీద కూర్చున్న తండ్రుల్లో ఒకాయన కొడుకుని తీసుకుని రాత్రి పన్నెండుకి బస్సెక్కి, నాలుగింటికి జూబ్లీ బస్టాండ్‌లో దిగారట. వాళ్లబ్బాయి పరుగు అంకె అంత బాగా రాలేదు. కారణం రాసుకునే గడి ఆ కాగితంలో లేదు.

ఇప్పుడు మైదానంలో రెండో జట్ల ఆట. మన వైపు గోల్‌లో ఒక పొడగరి. చేతులు బారెడు. కానీ కాళ్లు అతుక్కుపోయినట్టు గీత మీదే ఉంటాడు, హెడర్లకి ముందుకు రాడు. రెండు గోల్స్ తిన్నాడు. సెలెక్టరొకరు తల అడ్డంగా ఊపారు.

"గోల్ కీపర్‌ని చూసి తొందరపడొద్దు," అన్నారు పెద్దాయన. "తంగరాజ్ తెల్సా?"

పీటర్ తంగరాజ్. 1935లో హైదరాబాద్‌లో పుట్టి, సికింద్రాబాద్ క్లబ్బులు మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్‌లలో ఆట మొదలుపెట్టాడు. మొదట ఆడింది గోల్‌లో కాదు, సెంటర్ ఫార్వర్డ్‌గా. తర్వాత పటాలంలో చేరాడు. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955లో, 1958లో డురాండ్ కప్ గెలిచినప్పుడు గోల్‌లో నిలబడ్డది అతనే. 1958లో ఆసియాలోనే అత్యుత్తమ గోల్ కీపర్ అనిపించుకున్నాడు. సికింద్రాబాద్ మైదానంలో ఫార్వర్డ్‌గా అతన్ని చూసి మార్కులు వేసినవాడు ఎన్ని వేసినా, ఆ మార్కులు తప్పు మనిషికి వేసినట్టే. ఎందుకంటే అసలు తంగరాజ్ అప్పటికి బయటికి రాలేదు.

అతని గురించే ఇంకో ముచ్చట. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తంగరాజ్ ఒంట్లో బాగాలేక, ముందు మ్యాచ్‌లలో ప్రద్యుత్ బర్మన్ గోల్‌లో ఆడాడు. సెప్టెంబరు 4న ఫైనల్, ఎదురుగా దక్షిణ కొరియా. రహీం కీపర్‌ని మార్చి తంగరాజ్‌ని దించారు. గాల్లో వచ్చే బంతులకి ఆ ఆరడుగుల పైచిలుకు ఎత్తు కావాలని. తలకి దెబ్బ తగిలిన స్టాపర్ జర్నైల్ సింగ్‌ని వెనక ఆడించకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. జర్నైల్ ఒక గోల్, పి.కె. ఒక గోల్. భారత్ 2-1. లక్ష మంది ఎదురు అరుస్తున్న స్టేడియంలో అమ్ముగూడ బలరాం, సికింద్రాబాద్ క్లబ్బుల తంగరాజ్ ఇద్దరూ మెడల్ వేసుకున్నారు.

ఆటగాడికి స్థిరమైన ధర ఉండదని ఆ ఫైనల్ చెబుతుంది. ఎదుటివాడు ఎవరు, జట్టుకి ఎక్కడ లోటుంది, ఆ రోజు ఏం కావాలి అన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది, తరుగుతుంది. అందుకే 'వీళ్లలో గొప్పవాడెవడు' అన్న ప్రశ్న కంటే, 'ఈ జట్టులో ఖాళీగా ఉన్న చోటికి వీళ్లలో ఎవడు' అన్న ప్రశ్న మెరుగు. ఇవాళ సెలెక్టర్ల ముందున్న జట్టులో ఇద్దరు వింగర్లు ముప్ఫై దాటారని, మిడ్‌ఫీల్డ్ నిండుగా ఉందని గట్టు మీద చెప్పుకుంటున్నారు. అదే నిజమైతే 14 విలువ ఈ పూట 31 కంటే ఎక్కువ. మనసుకి నచ్చినవాడు వేరు, అవసరమైనవాడు వేరు.

తొమ్మిదిన్నర. ఎండ ముదిరి స్వెట్టర్లు నడుముకి చేరాయి. విరామం. గేటు దగ్గర బండి మీద ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. చాయ్ తాగుతూ కుర్ర సెలెక్షన్ పండితులు ఇద్దరు వాదించుకుంటున్నారు. ఒకడు 14కి పదికి తొమ్మిది వేశాడు. ఇంకొకడు, యూరప్ క్లబ్బులయితే లెక్కలన్నీ కంప్యూటర్‌లో వేసి తీసుకుంటాయి, ఇక్కడ కంటిచూపే గతి అని పెదవి విరిచాడు.

లెక్కలు ఉన్నచోట మాత్రం తప్పులు జరగవా? అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లో కొత్త ఆటగాళ్ల ఎంపిక ఏటా పెద్ద పండగ. పరుగు, దూకే ఎత్తు, చేతి పొడవు అన్నీ కొలిచి, వరసగా పేర్లు పిలుస్తారు. 2000లో టామ్ బ్రేడీ పేరు వచ్చింది 199వది. అతను తర్వాత ఏడు సూపర్‌బౌల్‌లు గెలిచాడు. కొలతలు అబద్ధం చెప్పలేదు. కొలిచినవి వేరు, చివరికి పనికొచ్చినవి వేరు.

అంత దూరం ఎందుకు, మన ఊళ్లో ఒకప్పుడున్న హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి. 2019లో పుట్టిన క్లబ్బు. మొదటి సీజన్‌లో 10 పాయింట్లతో ఇండియన్ సూపర్ లీగ్ అట్టడుగున నిలిచింది. అప్పటి ఆటగాళ్లకి అప్పుడే ధర కడితే చిత్తుకాగితాల కింద పోయేవాళ్లు. 2020లో మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. ఇండియన్ యారోస్ నుంచి వచ్చిన కుర్ర డిఫెండర్ ఆకాశ్ మిశ్రాని నమ్మి ఆడించాడు. లిస్టన్ కొలాసో ఇక్కడే రాటుదేలాడు, 2021లో కోల్‌కతా క్లబ్బు డబ్బు పోసి కొనుక్కుపోయింది. 2022 మార్చి 20న గోవా ఫటోర్డాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ఒక గోల్ ముందుంది. 88వ నిమిషంలో సమం చేసింది ఏ విదేశీ స్టారో కాదు, మధ్యలో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన సాహిల్ తవోరా. పెనాల్టీ షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. కప్పు మన ఊరికొచ్చింది. అట్టడుగు నుంచి కప్పు దాకా పట్టిన కాలం మూడు సీజన్లు.

కొత్తవాళ్ల మీద తీర్పు చెప్పడానికి నికరమైన గడువు కూడా అంతే. మొదటి సీజన్ ఊరు, తిండి, హాస్టలు, సీనియర్ల ఎకసెక్కాలు అలవాటు చేసుకోవడానికి సరిపోతుంది. రెండోదాంట్లో దెబ్బలు తగులుతాయి, బెంచీ అలవాటవుతుంది. మూడోదాంట్లో వాడెవడో తెలుస్తుంది. కుదురుకోలేనివాడు ఈలోగా ఉద్యోగంలో మిగులుతాడు, ఆటలో మిగలడు.

విరామం తర్వాత చివరి జట్ల ఆటా అయిపోయింది. కుర్రాళ్లు ఫోల్డర్లు పట్టుకుని టేబుల్ ముందు వరస కట్టారు. ఒరిజినల్స్, జిరాక్సులు, ఫొటోలు. 31 ఫోల్డరు పల్చగానే ఉంది. 14 ఫోల్డరులో రాష్ట్రం తరఫున ఆడిన కాగితం ఉంది. లిస్టు తర్వాత ప్రకటిస్తామని చెప్పారు.

పెద్దాయన కుర్చీ మడుస్తుంటే 14 పరిగెత్తుకొచ్చాడు. వంగి కాళ్లకి దండం పెట్టాడు.

"ఎట్లున్నది సార్ నా ఆట?"

"బంతి పోయినంక నడుం మీద చేతులేందిరా? పెండ్లికొచ్చినవా?"

వాడు నవ్వి తల వంచుకున్నాడు. పొద్దుటి నుంచీ ఆయన చప్పట్లు కొట్టనిది సొంత శిష్యుడికే. వాడు అటు పోయాక అడిగాను, తీసుకుంటారా సార్ అని.

"తీస్కుంటరు. తీస్కోవాలె కూడ. నేను వాణ్ని పదకొండేండ్ల పోరడప్పటి నుంచి చూస్తున్న. తండ్రి పోయిన నెలల గూడ ప్రాక్టీస్ బంద్ పెట్టలే. నువ్వు పొద్దుగాల చూసింది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల 31 గాడే మంచిగ ఆడిండు, నేను గూడ వానికే ఎక్కువ ఏస్త. రెండూ నిజమే. ఆ సెలెక్టర్ల తప్పేం లేదు, వాళ్లకి దొరికిన టైమ్ గంతే."

ఆయన మాటలో ఈ పూట పాఠం మొత్తం ఉంది. ఒక్క ట్రయల్‌తో ఆటగాడి వెల కట్టలేం. కట్టగలిగేది ఒక అంచనా మాత్రమే. ఆ అంచనా ఎంత మంచిదో తెలుసుకోవడానికి మన జట్లలో పద్ధతంటూ లేదు. ఆటగాడికి మార్కులు వేసే కాగితం ఉంది, వేసినవాడికి మార్కులు వేసే కాగితం లేదు. ఎంపికైనవాడు రాణిస్తే మనిషికో క్రెడిట్, రాణించకపోతే వాడి ఖర్మ.

కాబట్టి జంటనగరాల్లో జట్లు నడిపేవాళ్లకి, లీగ్ క్లబ్బుల వాళ్లకి ఒక విన్నపం. కొత్త కుర్రాణ్ని తీసుకున్న రోజునే ఒక నోట్‌బుక్కులో మూడు విషయాలు రాయండి. వాడిలో నేర్పలేని గుణం ఏం చూశారు, ఏం నేర్పాలనుకుంటున్నారు, జట్టులో ఏ లోటుకి తీసుకున్నారు. కింద తేదీ వేసి సంతకం పెట్టండి. వద్దనుకున్నవాళ్లలో బాగా అనిపించిన ఇద్దరి పేర్లు కూడా పక్కన రాయండి. మూడు సీజన్ల తర్వాత అదే పుస్తకం తెరిచి, కుర్రాడిని ఒకసారి, మీ సంతకాన్ని ఒకసారి చూడండి. ఖర్చు ఒక నోట్‌బుక్కు. వీలైతే ఇంకొంచెం డబ్బు పక్కన పెట్టండి, దూరం నుంచి వచ్చే కుర్రాళ్ల బస్సు చార్జీలకి.